సంక్రాంతికి సూర్యలంక వెళ్తున్నా: సముద్రపు గాలానికి ఏ రాడ్డు కొనాలి, ఏ ఎర తీసుకెళ్లాలి?

మల్కాజిగిరి గాలం:

నమస్తే అందరికీ. ఈ సంక్రాంతికి ఊరు వెళ్లడం లేదు. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌లో నాలుగు రాత్రులు ఉండేలా రూమ్ బుక్ చేసుకున్నాం. పగలంతా వాళ్లతోనే ఉండాలి. తెల్లవారుజామున, సాయంత్రం మాత్రం గాలం వేసుకోవడానికి పర్మిషన్ దొరికింది.

నేను ఇంతవరకూ పట్టినవన్నీ మంచినీళ్ల చేపలే. ఎక్కువగా సింగూరు, అప్పుడప్పుడు నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్. బొచ్చె, రవ్వ, అదృష్టం బాగుంటే కొర్రమీను. తవుడు, పల్లీ చెక్క, కాస్త సోంపు కలిపి చేసే పిండి ఎర మీద నాకు బాగా నమ్మకం. సామాను విషయానికొస్తే 7 అడుగుల రాడ్డు ఒకటి ఉంది, దాని మీద 10-30 గ్రాములు అని రాసి ఉంది. 4000 సైజు రీలు, అందులో 0.30 ఎం.ఎం. తంగూస్ (నైలాన్ లైన్).

నిన్న సికింద్రాబాద్‌లో ఒక షాపుకి వెళ్తే, 14 అడుగుల సర్ఫ్ రాడ్డు (ఒడ్డునుంచి సముద్రంలోకి విసిరేది), 8000 సైజు రీలు లేకుండా సముద్రానికి వెళ్లడమే దండగ అన్నాడు. రెండూ కలిపి నా బడ్జెట్‌కి రెండింతలు పైనే చెప్పాడు. నేను 8,000 రూపాయలు దాటలేను. దాటితే సంక్రాంతి ఇంట్లోనే జరుగుతుంది.

అడగాలనుకున్నవి ఇవి. నిజంగా అంత పొడుగు రాడ్డు కావాలా? పిండి ఎర సముద్రంలో పనికొస్తుందా? ఎర ఇక్కడినుంచే పట్టుకెళ్లాలా, అక్కడ దొరుకుతుందా? రైల్లో వెళ్లాలా, కార్లో వెళ్లాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. అందువల్ల రాడ్డు పొడవు లగేజీకి కూడా సమస్యే.

బోయిన్‌పల్లి భయ్యా:

షాపతను చెప్పినదాంట్లో సగం నిజం ఉంది భయ్యా. నేను వైజాగ్‌లో చదువుకునే రోజుల్లో రుషికొండ, భీమిలి వైపు తిరిగేవాణ్ణి. అక్కడ చిన్న రాడ్డుతో విసిరితే అల ఎత్తుకే లైన్ తగిలి కొట్టుకుపోతుంది. పొడుగు రాడ్డుంటే లైన్ అలల పైన నిలబడుతుంది, సీసం, అంటే లైన్‌కి కట్టే బరువు, కూడా దూరం పోతుంది. 13-14 అడుగులు, 100-150 గ్రాముల కాస్ట్ వెయిట్ (రాడ్డు విసరగలిగే బరువు) ఉన్నది తీసుకో. కావాలంటే సెకండ్ హ్యాండ్ చూడు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. నీ 7 అడుగుల రాడ్డుకి 100 గ్రాముల సీసం కట్టి బలంగా విసరకు. 30 గ్రాములు అని రాసిన రాడ్డు అక్కడికక్కడే రెండు ముక్కలవుతుంది.

వాడరేవు బాబాయ్:

తమ్ముడూ, ముందు పర్సు లోపల పెట్టుకో.

నేను వాడరేవు పక్క ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి. ఇప్పుడు వనస్థలిపురంలో ఉంటున్నా. పండక్కి ఇంటికి పోతే పిండివంటలకంటే ముందు గాలం సంగతే చూసుకుంటా. బోయిన్‌పల్లి తమ్ముడు చెప్పింది వైజాగ్‌కి సరిపోతుంది. అక్కడ రాళ్లున్నాయి, ఒడ్డు దిగగానే లోతు. సూర్యలంక, వాడరేవు, రామాపురం అలా కాదు. చదునైన ఇసుక, మెల్లగా లోతెక్కే తీరం. అక్కడ ఎంత దూరం విసిరావన్నది కాదు, ఎక్కడ విసిరావన్నదే లెక్క.

ఎలాగో చెప్తా. ఒడ్డుకి సమాంతరంగా నీళ్ల కింద ఇసుక తిన్నె ఉంటుంది. అల దాని మీదికి రాగానే విరిగి తెల్లగా నురగ కడుతుంది. ఆ తిన్నెకీ ఒడ్డుకీ మధ్య పల్లం ఉంటుంది. అక్కడ అల విరగదు, నీళ్లు కాస్త ముదురు రంగులో కనిపిస్తాయి. అలల తాకిడికి ఇసుకలోంచి లేచిన పురుగులు, బుల్లి పీతలు, రొయ్య పిల్లలు అన్నీ ఆ పల్లంలోకే చేరతాయి. చేప మేతకి వచ్చేది అక్కడికే. మా వైపు చాలా చోట్ల ఈ పల్లం ఒడ్డుకి ఇరవై ముప్పై మీటర్లలోనే ఉంటుంది. నువ్వు 14 అడుగుల రాడ్డుతో వంద మీటర్లు విసిరితే చేపల నెత్తి మీదుగా ఎరని దాటించి, అవతల ఖాళీ ఇసుకలో పడేసినట్టే.

అందుకని మొదటిరోజు రాడ్డు పట్టుకోకు. పాటు వేళ, అంటే నీళ్లు బాగా తగ్గినప్పుడు, పిల్లల్ని తీసుకుని ఒడ్డు వెంబడి ఒక కిలోమీటరు నడువు. తిన్నె ఎక్కడ తెగింది, పల్లం ఎక్కడ వెడల్పయింది, ఎక్కడ నీళ్లు గుంటలా నిలిచాయి, అన్నీ బయటికి కనిపిస్తాయి. ఫోన్‌లో ఫొటోలు తీసుకో. పోటు ఎక్కాక ఆ చోట్లే నీ అడ్డాలు. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. పోటు నిండడానికి ముందు రెండు గంటలు, నిండాక ఒక గంట నాకు బాగా కలిసొచ్చే వేళ. అది చీకటి పడే సమయంతో కలిసిందా, ఇక అన్నానికి కూడా రాను. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, నీటి లాగుడు కూడా ఎక్కువ.

ఇక సామాను. కొనాలనే ఉంటే 11-12 అడుగుల రాడ్డు చాలు. 60-120 గ్రాముల కాస్ట్ వెయిట్ చూసుకో. రీలు 5000 లేదా 6000 సైజు. నీ బడ్జెట్‌లో వస్తాయి. మూడు ముక్కలుగా విడిపోయే రాడ్డు తీసుకుంటే ఒక్కో ముక్క నాలుగు అడుగులే, రైలు బెర్తు కింద పడుకుంటుంది. రెండు ముక్కల 12 అడుగుల రాడ్డైతే ఆరు అడుగుల కర్ర మోసుకుని ప్లాట్‌ఫామ్ మీద జనాన్ని పొడుచుకుంటూ పోవాలి. నీ పాత 7 అడుగులది కూడా పట్టుకురా. దానికి పాతిక గ్రాముల సీసం కట్టి పల్లంలో వేస్తే చిన్న చేపలకి అదే మజా. పిల్లలకి అదే ఇవ్వు.

సీసం గుండ్రటిది వద్దు. జనవరిలో ఈశాన్యపు గాలి ఉంటుంది, నీళ్లు ఒడ్డు వెంబడి పక్కకి లాగుతాయి. గుండ్రటిది దొర్లుకుంటూ వచ్చి పక్కవాడి లైన్లో చుట్టుకుంటుంది. పిరమిడ్ ఆకారం సీసం ఇసుకలో దిగి కూర్చుంటుంది. 60 నుంచి 90 గ్రాములవి ఒక అరడజను తెచ్చుకో, ఒకటి రెండు పోతాయి.

పిండి ఎర గురించి రేపు రాస్తా. క్లుప్తంగా చెప్పాలంటే, ఇంట్లోనే వదిలిపెట్టి రా.

బోయిన్‌పల్లి భయ్యా:

బాబాయ్ చెప్పిన పల్లం సంగతి ఒప్పుకుంటా. కానీ పోటు నిండుగా ఉండి అల పెద్దదైతే 7 అడుగుల రాడ్డుతో లైన్ నిలవదు, అది మాత్రం నా అనుభవం. 12 అడుగులు మధ్యే మార్గం, సరే.

లైన్ గురించి ఎవరూ రాయలేదు. కొత్త రీలుకి 30 పౌండ్ల బ్రెయిడ్ (సన్నటి పోగులతో అల్లిన లైన్) చుట్టించుకో. సన్నగా ఉంటుంది కాబట్టి నీళ్ల లాగుడు తక్కువ తగులుతుంది, కొరికిన చిన్న దెబ్బ కూడా చేతికి తెలుస్తుంది. కానీ బ్రెయిడ్‌ని నేరుగా సీసానికి కట్టకూడదు. బలంగా విసిరినప్పుడు తెగితే సీసం తుపాకీ గుండులా పోతుంది, పక్కన జనం ఉంటారు. ముందు మందపాటి తంగూస్‌ని షాక్ లీడర్‌గా, అంటే విసిరే దెబ్బ తట్టుకునే ముక్కగా కట్టాలి. ప్రపంచమంతా వాడే లెక్క ఒకటుంది: ప్రతి 28 గ్రాముల సీసానికి 10 పౌండ్ల లీడర్. 90 గ్రాములు వాడితే సుమారు 32 పౌండ్లు కావాలి, 40 పౌండ్లది తీసుకుంటే నిశ్చింత. ఎంత పొడవంటే, విసిరే ముందు వేలాడే సీసం నుంచి రాడ్డు కొస దాకా, అక్కడినుంచి రీలు దాకా, ఆపైన రీలు మీద నాలుగైదు చుట్లు ఉండాలి. విసిరేటప్పుడు చూపుడు వేలికి పాత క్రికెట్ గ్లవ్ వేలు కత్తిరించి తొడుక్కో. బ్రెయిడ్ వేలు కోస్తుంది.

రామ్‌నగర్ రొయ్యలక్క:

ఎర దగ్గరికి వచ్చాం కాబట్టి నేను దూరుతున్నా. మా తమ్ముడూ నేనూ ప్రతి శీతాకాలం చీరాల వైపు వెళ్తాం. పట్టేది వాడు, ఎర పని మొత్తం నాది.

రొయ్యలు రామ్‌నగర్ మార్కెట్‌లో తెల్లవారేసరికి వెళ్లి కొంటా. మధ్యరకం సైజు, చూపుడు వేలంత, పెంకు తీయనివి. ఇంటికొచ్చాక తల తీసేసి, పెంకు అలాగే ఉంచి, తడి తుడిచి, గళ్లుప్పులో దొర్లించి, పాత పేపర్ల మీద పరుస్తా. పేపరు తడిసినప్పుడల్లా మారుస్తా. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే నీరంతా వదిలి రబ్బరులా గట్టిపడతాయి. డబ్బాలో మళ్లీ ఒక పొర ఉప్పు, ఒక పొర రొయ్య వేసి ఐస్‌బాక్సులో పెట్టేస్తా. మామూలు రొయ్యని గట్టిగా విసిరితే గాల్లోనే ఊడిపోతుంది, చిన్న చేపలు పీకేసినా తెలియదు. ఉప్పు పట్టిన రొయ్య కొక్కేనికి అతుక్కుని ఉంటుంది.

భీమవరం వైపు చెరువుల్లో పెరిగిన రొయ్య హైదరాబాద్ వచ్చి, నా చేతిలో ఉప్పు పట్టి, మళ్లీ కోస్తాకే ప్రయాణం కడుతుందని మా ఆయన ప్రతిసారీ నవ్వుతారు. నవ్వనీ. సెలవుల రద్దీలో అక్కడ దిగాక ఎర కోసం వెతుకుతూ మొదటి సాయంత్రం పోగొట్టుకోవడం కంటే ఇదే నయం.

గుచ్చేటప్పుడు తోక వైపు నుంచి మొదలుపెట్టి, ఒంటి వంపు వెంబడే కొక్కెం నడిపించి, మొన బయటికి వచ్చేలా చూడండి. పైన సన్నటి ఎలాస్టిక్ దారం ఏడెనిమిది చుట్లు చుట్టండి. బెయిట్ ఎలాస్టిక్ అని అమ్ముతారు, దొరకకపోతే టైలరింగ్ సామాన్ల షాపులో దొరికే సన్న ఎలాస్టిక్ దారంతోనూ నడుస్తుంది. ముడి అక్కర్లేదు, లాగి తెంపితే అదే పట్టుకుంటుంది.

స్క్విడ్ దొరికితే అరకిలో తెచ్చుకోండి. చిటికెన వేలంత వెడల్పు ముక్కలుగా కోస్తే ఒకే ముక్క మీద రెండు మూడు చేపలు పడినా చెక్కు చెదరదు. నేనైతే కొక్కేనికి ముందు రొయ్య, మొన దగ్గర చిన్న స్క్విడ్ ముక్క పెట్టిస్తా. వాసన రొయ్యది, పట్టు స్క్విడ్‌ది.

వాడరేవు బాబాయ్:

రొయ్యలక్క చెప్పాక నేను ఎర గురించి చెప్పాల్సింది తక్కువే. ఇంకో రెండు ముక్కలు.

పిండి ఎర ఎందుకు వద్దన్నానంటే, బొచ్చె, రవ్వ పిండికి వచ్చే జాతి. మా ఒడ్డున తిరిగే గొరక, జెల్ల, మాగ, పార, ఇవన్నీ మాంసాహారులు. రొయ్య, పీత, చిన్నచేప తప్ప వేరే వాసన వాటికి పట్టదు. పైగా అల దెబ్బకి పిండి ముద్ద నిమిషంలో కరిగిపోతుంది. ఒక్క కొయ్యింగ మాత్రం రొట్టె ముక్కకి, పిండికి వస్తుంది. అది కూడా నీళ్లు నిలకడగా ఉండే మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర.

అక్కడే ఉచితంగా దొరికే ఎర ఒకటుంది. అల వెనక్కి పోయేటప్పుడు తడి ఇసుకలో చిన్న చిన్న ‘V’ ఆకారపు గీతలు కనిపిస్తాయి. అక్కడ చేత్తో తవ్వితే బొటనవేలి గోరంత నుంచి వేలి కణుపంత దాకా గుడ్డు ఆకారంలో పీతలు దొరుకుతాయి. గోళ్లు ఉండవు, కరవవు, వెనక్కి వెనక్కి దూరిపోతుంటాయి. నీ పిల్లల్ని ఒక ప్లాస్టిక్ బకెట్ ఇచ్చి వదులు, గంటసేపు నిన్ను అడగరు. చేప రోజూ తినే మేత అదే కాబట్టి దానికి మించిన ఎర లేదని నా అభిప్రాయం. రొయ్యలక్క ఒప్పుకోకపోవచ్చు.

పొద్దున పడవలొచ్చే చోటికి పోతే కవళ్లు (సార్డిన్), కానాగడతలు (మాకెరెల్) తాజావి దొరుకుతాయి. కవళ్ల మాంసం మెత్తన, ఎలాస్టిక్ చుట్టక తప్పదు. కానాగడతని చర్మంతో సహా ఏటవాలుగా కోసి పెడితే పెద్ద చేప వాసన పడుతుంది. ఒకటి గుర్తుంచుకో. వల లాగే చోట, పడవ లంగరు తాడు పక్కన గాలం వేయకు. వల వాళ్లకి బతుకు, మనకి సెలవు. వాళ్లు లాగుతుంటే రాడ్డు పక్కన పెట్టి ఓ చెయ్యి వేస్తే, ఎరకి చిన్నచేపలు వాళ్లే ఇస్తారు.

కొక్కేలు రెండు రకాలు చాలు. చిన్న చేపలకి 4 నంబరు, పెద్దవాటికి 1/0 లేదా 2/0 సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గుండ్రటి కొక్కెం). ఇక్కడ మన సింగూరు అలవాటు మానుకోవాలి. సర్కిల్ హుక్‌కి కొరకగానే రాడ్డు పైకి గుంజితే నోట్లోంచి జారి వచ్చేస్తుంది. చేప లాగుతూ పోనివ్వు, నువ్వు మెల్లగా రీలు తిప్పుతూ లైన్ బిగించు. కొక్కెం దానంతటదే దవడ మూలలో పడుతుంది. సెట్టింగ్ నువ్వు బొచ్చెకి వేసే జారే సీసమే. లీడర్ మీద సీసం జారేలా, దాని కింద పూస, స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే లింకు), ఆ తర్వాత జానెడు రెండు జానల లైన్, కొక్కెం. చిన్న చేపలకైతే అడుగున సీసం, పైన రెండు చిన్న కొమ్మలు తీసి రెండు కొక్కేలు.

నిజాంపట్నం అల్లుడు:

మియాపూర్‌లో ఉంటా, పండక్కి అత్తారింటికి నిజాంపట్నం. మావయ్య సముద్రం మనిషి, నేను టీవీ మనిషి, అయినా ఏటా ఇద్దరం కలిసి గాలం వేస్తాం. పట్టడం అందరూ చెప్పారు, పట్టిన తర్వాత సంగతి నేను చెప్తా.

మీకు ఎక్కువగా పడేది జెల్లే. వెన్ను మీద ఒకటి, రెండు వైపులా రెక్కల దగ్గర ఒక్కొక్కటి రంపం లాంటి ముళ్లు, వాటికి విషం. చేత్తో పట్టుకోకండి. తడి తువ్వాలు వేసి అణచి, పొడుగు ముక్కు ప్లయర్‌తో కొక్కెం తీయండి. పిల్లలు ఒడ్డున చచ్చిపడి ఉన్న జెల్ల మీద కాలు వేసినా ముల్లు దిగుతుంది, చెప్పులు తీయనివ్వకండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట పైన ఉంచితే నొప్పి తగ్గుతుంది. తర్వాత ఎలాగూ బాపట్ల ఆసుపత్రికి వెళ్లాలి, ముల్లు ముక్క లోపల ఉండిపోవచ్చు. ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లండి. పనిపడకపోతే టీ కలుపుకోండి.

టేకు (తోకకి విషపు ముల్లుండే చదునైన చేప) పడితే తోక వైపు వెళ్లకుండా లైన్ తెంచేయండి. నీళ్లలోకి దిగేటప్పుడు కాళ్లు ఎత్తి వేయకుండా ఇసుకలో రాసుకుంటూ నడిస్తే అదే తప్పుకుంటుంది. పాములాంటిది వచ్చి, తోక తెడ్డులా చదునుగా ఉంటే అది సముద్రపు పాము. అసలు దగ్గరికి లాగొద్దు. పొట్ట బంతిలా ఉబ్బే చేప పడితే నీళ్లలోకి వదిలేయండి. ఎంత వండినా విషం పోదు.

బాబాయ్ చెప్పిన తిన్నె తెగిన చోటు చేపకి మంచిదే, మనిషికి మాత్రం ప్రమాదం. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ అక్కడినుంచే జోరుగా వెనక్కి పోతాయి. గాలం వేయండి, దిగకండి. మోకాలు దాటి అసలే వద్దు.

మల్కాజిగిరి గాలం:

అందరికీ చాలా థ్యాంక్స్. 12 అడుగుల మూడు ముక్కల రాడ్డు, 6000 రీలు ఖాయం చేశాను, కారులోనే వెళ్తున్నాం. రాడ్డు నిలబెట్టడానికి స్టాండ్ కొనాలా? రీలు ఉప్పుకి పాడవుతుందని భయంగా ఉంది, మంచినీళ్ల 4000 రీలు కూడా తెస్తున్నాను కదా. మా ఆవిడ అడగమంది ఇంకోటి: రాత్రి తొమ్మిది దాకా ఒడ్డున ఉండొచ్చా?

వాడరేవు బాబాయ్:

స్టాండ్ కొనకు. రాణిగంజ్‌లో రెండంగుళాల పీవీసీ పైపు నాలుగడుగులు తీసుకుని, ఒక కొస ఏటవాలుగా కోయించు. పై నుంచి అడుగు కిందికి అడ్డంగా ఒక బోల్టు బిగిస్తే రాడ్డు పిడి దాని మీద ఆగుతుంది, ఇసుక అంటదు. అడుగున్నర లోతు దించు. పెద్ద జెల్ల లాగితే రాడ్డు, పైపు కలిసి సముద్రంలోకి పోతాయి. డ్రాగ్ (చేప లాగితే లైన్ వదిలే రీలు బిగువు) కాస్త వదులుగా ఉంచడం మరిచిపోకు.

రీలుని ఇసుక మీద పెట్టకు, అదే సగం జాగ్రత్త. రూమ్‌కి రాగానే ముందు డ్రాగ్ బిగించి, కుళాయి సన్నగా వదిలి మంచినీళ్లతో కడుగు. జోరుగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. తుడిచాక డ్రాగ్ వదులు చేసి నీడన ఆరబెట్టు. రాడ్డు రింగులు, కొక్కేలు, ప్లయర్ కూడా కడుగు. 4000 రీలుకి హైదరాబాద్ వచ్చాక ఓసారి సర్వీస్ చేయించు.

తొమ్మిది దాకా ఉండొచ్చా అన్నది అక్కడి మెరైన్ పోలీసుల్ని, రూమ్ వాళ్లని అడిగి తెలుసుకో. చెల్లెమ్మకి ఇది కూడా చెప్పు: జనవరి నుంచి మార్చి దాకా మా ఒడ్డుకి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రుళ్లు వస్తాయి. తలకి కట్టుకునే లైటు ఎర్రది వాడండి, తాబేలు కనిపిస్తే లైటు ఆర్పి దూరంగా జరగండి. తెగిన తంగూస్ ముక్క ఒక్కటి కూడా ఇసుకలో వదలకండి.

కారులో అయితే విజయవాడ వైపు పోకుండా నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డు పట్టు. పంతంగి టోల్ దగ్గర క్యూ ఎలాగూ తప్పదు, కొర్లపహాడ్ టోల్ మాత్రం తప్పించుకుంటావు. పండగ ముందు రోజైతే ఇంట్లో తెల్లవారుజామున మూడింటికి బయల్దేరు. రొయ్యల ఐస్‌బాక్సు డిక్కీలో అన్నిటికంటే పైన పెట్టుకో, మిర్యాలగూడలో టిఫిన్‌కి ఆగినప్పుడు కరిగిన నీళ్లు పారబోసి కొత్త ఐస్ వేయాలి.